సొంత సెర్చ్ బాక్సు: ‘కథ’ అని కొడితే ఎందుకు దొరకదు?

ప్రశ్న: విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర మా నాన్నగారికి పాత పుస్తకాల దుకాణం ఉంది. సుమారు ఆరు వేల పుస్తకాల జాబితాతో పీహెచ్‌పీ భాషలో, మైఎస్‌క్యూఎల్ డేటాబేసుతో నేను ఒక వెబ్ అప్లికేషన్ తయారు చేశాను. మొదట గూగుల్ వారి ఉచిత సెర్చ్ బాక్సు కోడ్‌ను తెచ్చి పేజీ పైభాగాన పెట్టాను. కొత్తగా చేర్చిన పుస్తకాలు అందులో కనిపించలేదు, పైగా ఫలితాల మీద వేరే దుకాణాల ప్రకటనలు వచ్చాయి. దాన్ని తీసేసి మైఎస్‌క్యూఎల్ ఫుల్‌టెక్స్ట్ ఇండెక్సుతో (ఏ మాట ఎక్కడ ఉందో చెప్పే సూచికతో) సొంత బాక్సు పెట్టాను. ఇంగ్లీషు పేర్లు బాగానే దొరుకుతున్నాయి గాని, ‘కథ’ అని కొడితే ఒక్క ఫలితమూ రావడం లేదు. ‘కథలు’ అంటే మాత్రం వస్తున్నాయి. ఇంకొన్ని తెలుగు పేర్లు జాబితాలో కళ్లెదుటే ఉన్నా సెర్చ్‌కు చిక్కడం లేదు. మా అప్లికేషన్‌కు తగినట్టు సెర్చ్ బాక్సును ఎలా అమర్చుకోవాలో తెలుపగలరు.
— ఒక పాఠకురాలు, అల్లిపురం

జవాబు: గూగుల్ బాక్సు దాని పని అది సరిగానే చేసింది. అది మీ డేటాబేసును చూడదు. గూగుల్ మీ సైటుకు వచ్చి చదువుకొని వెళ్లిన పేజీలలో మాత్రమే వెతుకుతుంది. దుకాణం ముందు నిలబడి అరలు చూసి వెళ్లిన మనిషి తరవాత వచ్చిన సరుకు గురించి చెప్పలేనట్టే, మళ్లీ మీ సైటుకు వచ్చేదాకా కొత్త పుస్తకాల సంగతి దానికి తెలియదు. లాగిన్ అయితే గాని తెరుచుకోని పేజీలయితే దానికి ఎప్పటికీ కనబడవు. ప్రకటనలు ఉచితంగా వాడుకున్నందుకు చెల్లించే మూల్యం. అంచేత అమ్మకాల జాబితా ఉన్న అప్లికేషన్‌కు సొంత బాక్సే తగినది, మీరు దారి మార్చుకోవడం సరైన నిర్ణయమే.

బాక్సు విషయం తేలికే కాబట్టి ముందు దాన్ని ముగిద్దాం. ఒక ఫారం, అందులో సెర్చ్ రకపు ఇన్‌పుట్, పక్కన ‘వెతుకు’ అనే బటన్ ఉంటే చాలు. జావాస్క్రిప్ట్ లేకపోయినా పని చేసేలా ఉండాలి. ఫారం పద్ధతి ‘పోస్ట్’ కాక ‘గెట్’ కావాలి, ఎందుకంటే అప్పుడు వెతికిన మాట పేజీ చిరునామాలోనే ఉండిపోతుంది. కొనుగోలుదారు ఆ లింకును వాట్సాప్‌లో ఇంకొకరికి పంపవచ్చు, వెనక్కి వెళ్లే బటన్ నొక్కినా ఫలితాలు చెదరవు. బాక్సు లోపల లేత రంగులో కనిపించే సూచన మాత్రమే పెట్టి లేబుల్ మానేయకండి. తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడే అంధులకు ఆ పెట్టె ఎందుకో తెలియాలంటే లేబుల్ ఉండాలి. హెచ్‌టీఎంఎల్‌లో సెర్చ్ కోసం ప్రత్యేకంగా ఒక ఎలిమెంటు 2023లో చేరింది, ఫారాన్ని అందులో ఉంచడం మంచిది. అక్షరాల పరిమాణం 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్‌లోని సఫారీ బాక్సును ముట్టుకోగానే పేజీ మొత్తాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. చాలామంది దీన్ని తమ డిజైన్ లోపమనుకొని గంటల తరబడి వెతుకుతారు. ఫలితాల పేజీలో కూడా వెతికిన మాట బాక్సులో అలాగే కనిపించాలి, లేకపోతే ఒక అక్షరం దిద్దుకోవడానికి మొత్తం మళ్లీ కొట్టవలసి వస్తుంది.

ఇక ‘కథ’ సంగతి. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ (మామూలుగా వాడే టేబుల్ రకం) టేబుళ్ల ఫుల్‌టెక్స్ట్ ఇండెక్సు, మామూలు అమరికలో, మూడు అక్షరాలకు తక్కువున్న మాటలను ఇండెక్సులో చేర్చుకోదు. ఇక్కడ అక్షరమంటే మనం పలికే అక్షరం కాదు, కంప్యూటర్లు వాడే యూనికోడ్ పట్టికలో విడిగా సంఖ్య ఉన్న ఒక్కొక్క గుర్తు. ‘చేప’లో చ, ఏత్వం, ప కలిసి మూడు గుర్తులు కాబట్టి అది ఇండెక్సులోకి వెళ్తుంది. ‘కథ’లో క, థ రెండే గుర్తులు, కాబట్టి అది బయటే ఉండిపోతుంది. ‘కథలు’లో నాలుగు గుర్తులు ఉన్నందువల్ల దొరుకుతోంది. ఇన్నోడీబీ కనీస మాట పొడవు అనే సెట్టింగును 2కు తగ్గించి, సర్వరును మళ్లీ ప్రారంభించి, ఇండెక్సును తిరిగి కట్టుకుంటే ఈ ఒక్క లోపం తీరుతుంది. అయితే నలుగురూ పంచుకునే హోస్టింగులో ఆ సెట్టింగును ముట్టుకునే అధికారం సాధారణంగా ఉండదు. ఉన్నా ఆ దారి పట్టమని నేను చెప్పను. కారణం తరవాత వస్తుంది.

కళ్లెదుట ఉన్నా దొరకని పేర్ల వెనక కనబడని గుర్తులు ఉంటాయి. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటను చూడండి. ‘ట్’ తరవాత ‘వే’ కిందికి వత్తుగా దిగిపోకుండా ఉండాలంటే రెండింటి మధ్య యూనికోడ్‌లో 200సీ సంఖ్య ఉన్న గుర్తును పెట్టాలి. దానికి వెడల్పు లేదు, తెర మీద ఏమీ కనిపించదు, కాని కంప్యూటరు లెక్కలో అది ఒక అక్షరమే. కొన్ని కీబోర్డులు దాన్ని తమంతట తామే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. మీరు కంప్యూటరులో ఆ గుర్తుతో ఎక్కించిన పేరును కొనుగోలుదారు ఫోనులో ఆ గుర్తు లేకుండా కొడితే రెండూ వేరు మాటలైపోతాయి. ఐత్వానికీ ఇలాంటి చిక్కే ఉంది: ‘వైద్యం’లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా గాని, ఎత్వమూ దాని కింది ఐత్వపు తోకా కలిపి రెండు గుర్తులుగా గాని రాయడానికి యూనికోడ్ అనుమతిస్తుంది. తెలుగులో ఇలా రెండు తీరులున్న గుర్తు అదొక్కటే గాని, వైద్యం, వైశాఖం, వైజాగ్ వంటి మాటలు ఎన్ని ఉన్నాయో మీకు తెలిసిందే. పాత పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేసి తెచ్చిన పేర్లలో ఇలాంటివి ఎక్కువగా తగులుతాయి.

వీటికి తోడు మనుషులు రాసే తీరుల్లో తేడాలు ఉండనే ఉన్నాయి. పెళ్ళి అని రాసేవారూ పెళ్లి అని రాసేవారూ సమానంగా కనిపిస్తారు. ఋషికొండ, రుషికొండ రెండూ బోర్డుల మీద ఉన్నాయి. పాత ముద్రణలో ‘గ్రన్థం’ అని ఉన్న మాటను ఇవాళ ‘గ్రంథం’ అని వెతుకుతారు.

అందుకే నా సలహా ఇది. పుస్తకాల టేబుల్‌లో పేరు ఉన్న కాలమ్‌ను తాకకుండా, పక్కన సెర్చ్ కోసం ఇంకొక కాలమ్ పెట్టండి. పేరు, రచయిత, విషయం ఈ మూడింటినీ కలిపి, ఒక ఫంక్షన్ గుండా పంపి, వచ్చిన సాఫు చేసిన రూపాన్ని అందులో నిలవ చేయండి. వెతికేవారు కొట్టిన మాటను కూడా సరిగ్గా అదే ఫంక్షన్ గుండా పంపిన తరవాతే డేటాబేసుకు ఇవ్వండి. ఆ ఫంక్షన్ ముందుగా పీహెచ్‌పీలోని నార్మలైజర్‌తో ఎన్ఎఫ్‌సీ రూపానికి, అంటే రెండు తీరులున్న గుర్తును ఒకే తీరుకు తెచ్చే రూపానికి, మార్చాలి. దీనితో ఐత్వం చిక్కు పోతుంది. తరవాత 200సీ గుర్తునూ, దానిలాగే కనబడని 200డీ గుర్తునూ తీసేయాలి, ఇంగ్లీషు అక్షరాలను చిన్నబడి చేయాలి, చుక్కలూ కామాలూ ఒకటికి మించిన ఖాళీలూ తొలగించాలి. ఆ పైన ళ్ళను ళ్లగా, ఋను రుగా, అదే వర్గపు అక్షరానికి ముందున్న అనునాసికాన్ని సున్నగా మార్చాలి. ఈ చివరి మార్పు క, చ, ట, త, ప వర్గాల మొదటి నాలుగేసి అక్షరాల ముందు మాత్రమే జరగాలి. ‘అన్న’, ‘అమ్మ’ వంటి మాటలలోని వత్తులను ముట్టుకోకూడదు. కొనుగోలుదారు తెర మీద చూసేది మీరు ఎక్కించిన అసలు పేరే కాబట్టి, ఈ మార్పులు భాషాపరంగా ఎవరినీ నొప్పించవు.

ఆరు వేల పుస్తకాలకు ఫుల్‌టెక్స్ట్ ఇండెక్సు అక్కరలేదు. ఇందాక ఆ సెట్టింగు జోలికి వద్దన్నది ఇందుకే. ఈ కొత్త కాలమ్ మీద ‘లైక్’ షరతుతో, మాటకు రెండు వైపులా ‘ఏమున్నా సరే’ అని అర్థమిచ్చే శాతం గుర్తు పెట్టి వెతికితే సరిపోతుంది. ముందు వైపు శాతం గుర్తు ఉంటే మామూలు ఇండెక్సు పనికి రాదనీ, ప్రతి వరుసనూ చదవవలసి వస్తుందనీ పాఠాలలో చెబుతారు. అది నిజమే, కాని కొన్ని వేల చిన్న వరుసలను చదవడం నేటి సర్వరుకు మనం గమనించేంత పని కాదు. ‘కథ’ అంటే కథలు, కథానిక, కథాసంపుటి అన్నీ వస్తాయి. మధ్యలో కలిసేవి కూడా వస్తాయి. ‘కల’ అంటే ‘సకల’ కూడా దొరుకుతుంది. వాటిని తీసేయనక్కరలేదు, వరుసలో కిందికి నెట్టితే చాలు: పేరే ఆ మాటతో మొదలైనవి ముందు, పేరులోని ఏదో ఒక పదం ఆ మాటతో మొదలైనవి తరవాత, మిగిలినవి ఆఖరున. రెండు మూడు మాటలు కొడితే ఖాళీల దగ్గర విడదీసి, అన్నీ ఉన్నవాటినే చూపండి. మాట చివర సున్న ఉంటే, ఉన్నది ఉన్నట్టు దొరికినవాటి కింద, సున్న తీసిన రూపానికి దొరికినవి కూడా చేర్చండి. ‘వైద్యం’ అని వెతికినవారికి వైద్యశాస్త్రం, వైద్యుడు కూడా అందుతాయి. ఇల్లు, ఇంటి, ఇళ్లు వంటివి మాత్రం ఈ ఉపాయానికి లొంగవు.

అలాంటి వాటికీ, వేర్వేరు పేర్లకూ ఒక చిన్న పర్యాయపదాల టేబుల్ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ 2021 నుంచి ఈఏపీసెట్ అయింది. కొత్త పుస్తకాల అట్టల మీద ఈఏపీసెట్ అనే ఉంటుంది గాని, తల్లిదండ్రులలో చాలామంది నేటికీ ఎంసెట్ అనే అడుగుతారు. విశాఖ, వైజాగ్, విశాఖపట్నం, జ్యోతిషం, జ్యోతిష్యం, ఇంజనీరింగ్, ఇంజినీరింగ్ ఇలాంటివే. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కొట్టేవారి కోసం ఆ రూపాలను కూడా ఈ టేబుల్‌లోనే రాసుకోవచ్చు. ఈ జాబితాను మీకన్నా మీ నాన్నగారు బాగా రాయగలరు. కౌంటరు దగ్గర కూర్చుని జనం ఏ పుస్తకాన్ని ఏ పేరుతో అడుగుతారో ఏళ్లుగా విన్నవారు ఆయన.

భద్రత మాట మరవకండి. కొట్టిన మాటను ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించకుండా వాక్యాన్నీ మాటనూ విడివిడిగా అందించే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ద్వారానే పంపండి. అలా పంపినా లైక్ షరతులో శాతం గుర్తుకూ, కింది గీతకూ ప్రత్యేకార్థం మిగిలే ఉంటుంది. ఎవరైనా బాక్సులో శాతం గుర్తు ఒక్కటే కొడితే మీ జాబితా మొత్తం కుమ్మరించినట్టు వస్తుంది కాబట్టి, వాటిని మామూలు అక్షరాలుగా చూడమని చెప్పే ఎస్కేప్ గుర్తును వాటి ముందు చేర్చాలి. ‘ఫలానా మాటకు దొరికిన పుస్తకాలు’ అని పేజీలో రాసేటప్పుడు ఆ మాటను హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఫంక్షన్ గుండా పంపండి. లేకపోతే బాక్సులో స్క్రిప్ట్ రాసిన లింకును ఇంకొకరికి పంపి వారి బ్రౌజరులో దాన్ని నడిపించవచ్చు.

ప్రశ్న: నగరంలో అద్దె ఇళ్ల వివరాలిచ్చే అప్లికేషన్ ఒకటి నడుపుతున్నాను. పేట పేరు కొడుతుండగానే కింద సూచనలు వచ్చేలా చేశాను. అయితే ‘మద్దిలపాలెం’ కొట్టేటప్పుడు సూచనలు రెపరెపలాడుతున్నాయి. ఒక్కోసారి మొత్తం కొట్టిన తరవాత కూడా మొదటి అక్షరానికి వచ్చిన మధురవాడ, మల్కాపురం వంటివి నిలిచిపోతున్నాయి. మౌసుతో సూచనను నొక్కితే జాబితా మాయమవుతోంది గాని ఎంపిక కావడం లేదు. దీనికి ఏమి చేయాలి?
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ఇవి మూడు వేర్వేరు చిక్కులు. ప్రతి అక్షరానికీ సర్వరుకు ఒక అభ్యర్థన వెళ్లడం వల్ల రెపరెపలు వస్తున్నాయి. చివరి అక్షరం కొట్టాక పావు సెకను ఆగి, ఆలోగా ఇంకో అక్షరం రాకపోతేనే పంపేలా టైమరు పెట్టండి. పంపిన అభ్యర్థనలకు జవాబులు అదే వరుసలో తిరిగి వస్తాయన్న హామీ లేదు; మొదటి అక్షరానికి ఫలితాలు ఎక్కువ కాబట్టి వాటి జవాబు ఆలస్యంగా వచ్చి, అప్పటికే వచ్చిన సరైన జాబితాను తుడిచేస్తోంది. కొత్తది పంపే ముందు పాతదాన్ని అబార్ట్ కంట్రోలర్‌తో రద్దు చేయండి. జవాబు వచ్చినప్పుడు కూడా, అది బాక్సులో ఇప్పుడున్న మాటకు సంబంధించినదేనా అని ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

మూడోది సంఘటనల వరుసకు సంబంధించినది. మౌసు బటన్ కిందికి నొక్కగానే బాక్సు ఫోకస్ (కొట్టే అక్షరాలను అందుకునే స్థితి) కోల్పోతుంది, ఫోకస్ పోగానే మీ కోడ్ జాబితాను మూసేస్తోంది. క్లిక్ అనేది బటన్ పైకి లేచాక గాని పూర్తి కాదు, అప్పటికి నొక్కడానికి అక్కడ ఏమీ ఉండదు. జాబితా మీద మౌస్‌డౌన్ సంఘటనలో బ్రౌజరు మామూలుగా చేసే పనిని ఆపేస్తే బాక్సు నుంచి ఫోకస్ కదలదు, క్లిక్ సవ్యంగా అందుతుంది.

మీరు అడగకపోయినా తెలుగు కొట్టే తీరు గురించి ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే కీబోర్డులలో ‘మద్దిలపాలెం’ మొదలుపెడితే ముందు పొల్లుతో ‘మ్’ వస్తుంది, ఆ తరవాతే అది ‘మ’ అవుతుంది. ‘మ్’తో మొదలయ్యే పేట ఏదీ లేదు కాబట్టి ఆ క్షణాన ‘ఫలితాలు లేవు’ అన్న వాక్యం మెరిసి మాయమవుతుంది. మాట చివరి పొల్లును తీసేసి పంపితే ఇది పోతుంది. ద్వారకానగర్ వంటి పేర్లకు కూడా హాని లేదు, పొల్లు లేని ‘ద్వారకానగర’ కూడా ఆ పేరులో మొదటి భాగమే. కొన్ని కీబోర్డులు మాట పూర్తయ్యేదాకా దాన్ని కూర్పులో ఉన్నట్టు బ్రౌజరుకు చెబుతాయి. అలాంటప్పుడు ఎంటర్ నొక్కడం మాటను ఖాయం చేయడానికే గాని వెతకమని కాదు, కాబట్టి కూర్పు నడుస్తున్నంతసేపూ ఫారాన్ని పంపకండి. బాణం గుర్తులతో జాబితాలో దిగడం, ఎస్కేప్‌తో మూయడం కూడా ఉండాలి. మీ పేటల జాబితా రెండు మూడు వందలకు మించకపోతే ఇంత తతంగమూ అనవసరం: ఆ జాబితా మొత్తాన్ని పేజీతో పాటే పంపి, బ్రౌజరులోనే వెతకండి.

ప్రశ్న: మా అప్లికేషన్‌కు సెర్చ్ పెట్టాలంటే ఎలాస్టిక్‌సెర్చ్ తప్పనిసరి అని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కాదు. వెతకడం కోసమే చేసిన ఎలాస్టిక్‌సెర్చ్ అనే సాఫ్ట్‌వేర్ 2010లో వచ్చింది. దాని లోపల పని చేసేది డగ్ కటింగ్ 1999లో మొదలుపెట్టిన లూసీన్. రెండూ గొప్ప పనిముట్లే. కాని ఎలాస్టిక్‌సెర్చ్ జావా మీద నడిచే వేరే సర్వరు, దానికి మెమరీ ఎక్కువ కావాలి, డేటాబేసులో మారిన ప్రతిదాన్నీ అక్కడికి చేరవేసే పని అదనం. రికార్డులు లక్షల్లో ఉండి, పొడవైన వ్యాసాల లోపల కూడా వెతకవలసి ఉంటే, లేదా అక్షర దోషాలతో కొట్టినా దొరకాలంటే దాని గురించి ఆలోచించవచ్చు. దోషాలను సర్దుకోవడమే అవసరమైతే మెయిలీసెర్చ్, టైప్‌సెన్స్ అన్నవి అంతకన్నా తేలిక. ఏది ఎంచుకున్నా, తెలుగు గుణింతపు గుర్తులను పదంలో భాగంగా తీసుకుంటుందో, అక్కడే పదాన్ని విరిచేస్తుందో మీ సొంత జాబితా నుంచి కొన్ని మాటలతో పరీక్షించి చూసుకున్న తరవాతే డబ్బు పెట్టండి.

ప్రశ్న: మేము నడిపే పాఠశాల వెబ్‌సైటులో సర్క్యులర్లు, పాఠ్యాంశాలు, ఫొటోలు కలిపి చాలా పేజీలు ఉన్నాయి. డేటాబేసు లేదు, ప్రోగ్రామరు లేరు. సెర్చ్ బాక్సు పెట్టుకోవడానికి మార్గం ఉందా?
— ఒక ఉపాధ్యాయిని, భీమునిపట్నం

జవాబు: మొదటి ప్రశ్నలో పాఠకురాలు తీసేసిన గూగుల్ బాక్సే మీకు సరిపోతుంది, ఎందుకంటే మీ పేజీలన్నీ అందరికీ తెరిచి ఉన్నవే, గంట గంటకూ మారేవి కావు. 2006లో కస్టమ్ సెర్చ్ ఇంజిన్ పేరుతో మొదలైన ఆ సేవను ఇప్పుడు ప్రోగ్రామబుల్ సెర్చ్ ఇంజిన్ అంటున్నారు. గూగుల్ ఖాతాతో అందులోకి వెళ్లి, వెతకవలసిన సైటుగా మీ చిరునామా ఒక్కటే ఇవ్వండి. చిన్న కోడ్ ముక్క ఇస్తారు, దాన్ని బాక్సు కావలసిన చోట అతికించాలి. ఫలితాలు అదే పేజీ మీద తేలాలా, వేరే పేజీలో రావాలా అన్నదీ, రంగులూ అక్షరాలూ ఎలా ఉండాలన్నదీ అక్కడే ఎంచుకోవచ్చు. అర్హత గల విద్యాసంస్థలకు ప్రకటనలను ఆపుకునే వీలు ఉంది; ఆ దరఖాస్తు తప్పక పెట్టండి, పిల్లలు చూసే పేజీలో ప్రకటనలు ఉండకూడదు. సైట్‌మ్యాప్ (మీ పేజీల చిరునామాల జాబితా) తయారు చేసి సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ సేవ ద్వారా గూగుల్‌కు అందిస్తే కొత్త సర్క్యులర్ల ఆచూకీ దానికి సులువుగా తెలుస్తుంది. సర్క్యులర్లను స్కాన్ చేసిన బొమ్మలుగా కాక, యూనికోడ్ తెలుగులో టైపు చేసిన పేజీలుగా పెట్టండి. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌లు కంటికి తెలుగుగానే కనిపిస్తాయి గాని, లోపల ఉన్నది వేరే అక్షరాలు కాబట్టి వాటిలోని మాటలు ఏ సెర్చ్‌కూ సరిగా దొరకవు.

ప్రశ్న: మా అప్లికేషన్‌లో సెర్చ్ పెట్టాము, జనం వాడుతున్నారు. అది సరిగ్గా పని చేస్తోందో లేదో తెలుసుకోవడం ఎలా?
— ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: వెతికిన మాట, తేదీ, ఎన్ని ఫలితాలు వచ్చాయి అన్న మూడింటినీ ఒక టేబుల్‌లో రాసుకోండి. అందులో సున్నా ఫలితాలు వచ్చినవాటిని విడిగా తీసి, ఎక్కువసార్లు వచ్చిన మాట పైన ఉండేలా పేర్చి వారానికి ఒకసారి చదవండి. కొన్ని మీ దగ్గర నిజంగానే లేని సరుకులు. అవి వ్యాపారానికి పనికొచ్చే సమాచారం. కొన్ని ఉన్నా దొరకనివి. వాటిని ఇందాక చెప్పిన సాఫు చేసే ఫంక్షన్‌లోనో, పర్యాయపదాల టేబుల్‌లోనో చేర్చాలి. ఫలితాలు లేని పేజీని ఖాళీగా వదలకుండా, కొట్టిన మాటలలో ఒక్కటైనా కలిసినవాటినీ, మిమ్మల్ని నేరుగా అడగడానికి ఒక లింకునూ చూపండి. వెతికినవారి పేరుగాని ఖాతా సంఖ్యగాని ఈ టేబుల్‌లో వద్దు. జనం సెర్చ్ బాక్సులో తమ ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు కూడా కొడుతుంటారు, వ్యక్తిగత డేటా రక్షణకు మన దేశంలో 2023లో చట్టం కూడా వచ్చింది. పది అంకెలు వరుసగా ఉన్న మాటలను నమోదు చేయకుండా వదిలేసి, పని అయిపోయిన పాత వరుసలను ఎప్పటికప్పుడు తుడిచేయండి.